పాత చట్టం ఇంజను, కొత్త చట్టం ఇంజను

నాయుడుపేటలో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా ఉంటూనే నా జుట్టు నెరిసింది. చదివింది ఇంటర్మీడియట్. అయినా కోర్టు ఆవరణలో నాకొక మర్యాద ఉండేది. దానికి కారణం నా తెలివి కాదు, నా నోట్లో ఆడే నంబర్లు. టీ కొట్టు దగ్గర ఎవరైనా తన గోడు మొదలుపెడితే సగంలోనే నేను సెక్షను చెప్పేసేవాణ్ణి. దొంగతనమా, మూడు వందల డెబ్బై తొమ్మిది. చంపుతానని బెదిరించాడా, ఐదు వందల ఆరు. ఆ మనిషి కళ్ళలో అప్పుడే సగం కేసు గెలిచిన ధైర్యం కనిపించేది. మిగతా సగం ఎన్నేళ్ళకు తేలుతుందో నేనూ చెప్పేవాణ్ణి కాదు, వాళ్ళూ అడిగేవాళ్ళు కాదు.

అలాంటి నన్ను ఒక జూలై ఒకటో తేదీన ప్రభుత్వం నిరక్షరాస్యుణ్ణి చేసింది. తెల్లదొరలు రాసిన చట్టాలు పోయి మన చట్టాలు వచ్చాయన్నారు. సంతోషమే. న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం అని పేర్లు కూడా పెట్టారు. దొరలు పెట్టిన పేర్లు ఇంగ్లీషులో ఉన్నందువల్ల మా వాళ్ళకు అర్థమయ్యేవి కావట. ఇప్పుడు సంస్కృతంలో ఉన్నందువల్ల పలకడానికే రావడం లేదు. చివరికి అందరూ కలిసి 'కొత్త చట్టం' అనే మాట దగ్గర స్థిరపడ్డారు.

నేరాలు మాత్రం పాతవే. హత్య హత్యగానే ఉంది, దొంగతనం దొంగతనంగానే ఉంది. నంబర్లే ఇళ్ళు మారాయి. మోసగాణ్ణి ఫోర్ ట్వంటీ అని తిట్టడం ఈ దేశంలో ప్రతి పిల్లవాడికీ పుట్టుకతో వచ్చిన విద్య. ఇప్పుడు దాని నంబరు మూడు వందల పద్దెనిమిది. త్రీ ఎయిటీన్ గాడా అని ఎవడినైనా తిట్టి చూడండి, వాడు తన బస్సు నంబరేమో అనుకుంటాడు.

నూట నలభై నాలుగు సంగతి ఇంకా బాగుంటుంది. గొడవలు జరిగే చోట జనం గుమిగూడకుండా పెట్టే ఆంక్షకు అది పాత పేరు. కొత్త పుస్తకంలో ఆ నంబరును భార్యాబిడ్డల భరణానికి ఇచ్చారు. ఒక రోజు ఒక పెద్దమనిషి నోటీసు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. అతని భార్య నూట నలభై నాలుగు కింద కేసు వేసింది. అతను ఎంతో వినయంగా, తన ఇంటి ముందు ఏనాడూ ఇద్దరికి మించి జనం చేరలేదనీ, కావాలంటే వీధిలో అందరినీ విచారించుకోవచ్చనీ చెప్పాడు. మా ప్లీడరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వు ఆపుకున్నారు.

ఆయన కొత్త పుస్తకాలు కొన్నారు. పాత నంబరుకు ఎదురుగా కొత్త నంబరు అచ్చువేసిన అట్ట ఒకటి నా కుర్చీ వెనక గోడకు తగిలించారు. ఎవరైనా వచ్చి గోడు చెప్పుకుంటే నేను తల వెనక్కి తిప్పి అట్ట చూసి నంబరు చెప్పాలి. నా మీద నమ్మకం సగం అక్కడే పోయేది.

ఇలా రోజులు గడుస్తుండగా మా అక్క బోటు ఇంజను పోయింది.

మాది తడ దాటి లోపలికి పోతే పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న కుప్పం. కుప్పమంటే చేపలు పట్టుకునేవాళ్ళ ఊరు. నేను చదువు పేరుతో బయటపడ్డాను. మా అక్క అక్కడే పెళ్ళి చేసుకుని అక్కడే ఉంది. బావ చేపలు పట్టుకొస్తే ఆమె ఫ్యాక్టరీల వైపు పోయే రోడ్డు పక్కన కూర్చుని అమ్ముతుంది. బావ నోట్లోంచి రోజుకు పది మాటలు వస్తే గొప్ప. ఆ లోటు అక్క తీరుస్తుంది.

బంధువుల ఇంట్లో బిడ్డకు చెవులు కుట్టిస్తున్నారని ఇద్దరూ బోటులో తమిళనాడు వైపున్న కుప్పానికి పోయారు. నీళ్ళకు సరిహద్దు గీత ఉండదు కాబట్టి మా వాళ్ళకు అది పరాయి రాష్ట్రమన్న సంగతి అన్నం తినేటప్పుడు కూడా గుర్తుండదు. బోటు ఒడ్డున కట్టి, పప్పు, మాంసం, పాయసం అన్నీ తిని, మధ్యాహ్నం ఎండ తగ్గాక తిరిగి వచ్చి చూస్తే బోటు ఉంది, ఇంజను లేదు. ఎవరో బిగింపులు విప్పి శుభ్రంగా తీసుకుపోయారు. బావ ఆ ఖాళీ చోటును ఒకసారి చేత్తో తడిమి చూశాడట. తర్వాత తెడ్డు అందుకున్నాడట. దారి పొడుగునా అక్క తిడుతూ, ఆయన తెడ్డు వేస్తూ ఇల్లు చేరారు.

ముందు కుప్పం పెద్దలు కూర్చున్నారు. మన ఊళ్ళో పోయినది కాదు కదా, అవతలి ఊరివాళ్ళను పిలవాలన్నారు. అవతలి పెద్దలను పిలిస్తే, విందుకు వచ్చినవాళ్ళ వస్తువులకు తాము కాపలా కాదన్నారు. అప్పుడు అక్క నాకు ఫోన్ చేసింది. కోర్టులో పని చేసే తమ్ముడు ఉండగా ఊరికే ఎందుకు ఉండాలని ఆమె ఉద్దేశం. నేను మరునాడే బయలుదేరి పోయాను. బస్సు ఎక్కేటప్పుడు నాకు ఎంతో ఉత్సాహంగా ఉందని ఒప్పుకోవాలి. కొత్త చట్టంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషనుకు పోయినా ఫిర్యాదు తీసుకుని తీరాలి. దానిని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఇది మా పరిధి కాదు, అక్కడికి పొండి అనడానికి వీల్లేదు.

అక్క, బావ, నేను తడ స్టేషనుకు పోతే మొదట వినిపించిన మాట అదే.

"ఇంజను పోయింది తమిళనాడులో గదా. ఆడికే పోవాల," అన్నాడు రాసే కానిస్టేబులు.

ఆయన నెత్తి మీదే గోడకు ఒక రంగుల పోస్టరు ఉంది. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు చేయవచ్చునని దాని మీద పెద్ద అక్షరాలతో ఉంది, పక్కన ఒక కుటుంబం చిరునవ్వు నవ్వుతోంది. నేను మర్యాదగా దాన్ని చూపించాను. ఆయన మెడ తిప్పి పోస్టరును మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు. ఇంతలో లోపలినుంచి ఎస్సై గారు వచ్చారు. చిన్న వయసు, మంచి మనిషి. కొత్త చట్టం మీద శిక్షణకు పోయి వచ్చారట. వెంటనే రాయమన్నారు.

ఎఫ్ఐఆర్ కాగితం చేతికి వచ్చింది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందిరా, నంబరు కాడ సున్నా ఏసినారు?"

జీరో అంటే అదేనని, తర్వాత అసలు నంబరు పడుతుందని చెప్పాను.

"అంత తిరిగి, అంత అరిచి, సున్నా తెచ్చుకున్యామా," అని ఆమె బావ వైపు తిరిగింది. ఆయన ఆ రోజు మాటలు అప్పటికే వాడేసుకున్నట్టున్నాడు.

ఆ సున్నా సరిహద్దు దాటి తమిళనాడు పోయింది. అక్కడివాళ్ళు చట్టాన్ని గౌరవించి దాన్ని తీసుకున్నారు. తర్వాత, తెలుగులో ఉంది, మాకు చదవడం రాదు, అనువాదం పంపండి అని మళ్ళీ ఇక్కడికి పంపారు. ఏ ఊళ్ళోనైనా ఫిర్యాదు తీసుకోవాలని రాసినవాళ్ళు ఏ భాషలోనైనా చదవాలని రాయడం మరిచారు. సరస్సులో బోటు పోవడానికి గంట పట్టని దూరాన్ని ఆ కాగితం వారాల తరబడి ఈదింది.

దొంగను పట్టించింది చట్టం కాదు, దొంగే. పక్క కుప్పంలో ఒక కుర్రాడున్నాడు. పెళ్ళయి ఎన్నాళ్ళో కాలేదు. తన పుట్టినరోజున చలువ కళ్ళద్దాలు పెట్టుకుని బోటు మీద నిలబడి ఫోటో దిగి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. వాడి నంబరు మా అక్క ఫోనులో ఉంది, ఎందుకంటే అప్పుడప్పుడు వాడి చేపలు కూడా ఆమే అమ్మేది. అక్క అందరి స్టేటస్‌లూ చూస్తుంది. చూసి మెచ్చుకోవడం కాదు, తప్పులు పట్టడం ఆమె సరదా. కుర్రాడి కాళ్ళ వెనక కొత్తగా నీలం రంగు పూసిన ఇంజను కనిపించింది. రంగు కొత్తదే గానీ, మూత మీద సొట్ట మాత్రం బావ ఒకసారి కోపంలో సుత్తితో కొట్టినది. వాళ్ళ కాపురంలో ఆయన కోపం చూపించింది ఆ ఒక్కసారే కాబట్టి ఆ సొట్టను ఆమె మరిచిపోలేదు.

ఆమె స్టేటస్‌ను ఫోటో తీసి పెట్టుకుని స్టేషనుకు పోయింది. నేను కూడా వెళ్ళాను. ఎస్సై గారు సంతోషించి అప్పటికప్పుడు బయలుదేరారు. ఇక్కడ మళ్ళీ కొత్త చట్టం అడ్డం వచ్చింది. ఎక్కడ సోదా చేసినా, ఏ వస్తువు స్వాధీనం చేసుకున్నా మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయాలి. మంచి నియమం. పోలీసులు లేని వస్తువును దొరికిందనడం, దొరికిన వస్తువును లేదనడం ఇక కుదరదు. కానిస్టేబులు ఒడ్డున నిలబడి వీడియో మొదలుపెట్టగానే అతని ఫోను, లోపల చోటు లేదని చెప్పింది. అతని బిడ్డ బడి వార్షికోత్సవం డాన్సులు అందులో నిండి ఉన్నాయి. అవి తీసేయమంటే పెళ్ళాం చంపుతుందని అతను మొహమాటం లేకుండా చెప్పాడు. ఎస్సై గారి ఫోనులో ఛార్జింగ్ అయిపోయింది. నాది మీటలు నొక్కే పాతరకం ఫోను, కెమెరా లేదు. సోదాకు సాక్షులుగా వచ్చిన ఇద్దరూ తమ ఫోన్లు ఇంట్లో మరిచామన్నారు, అంటూ ఉండగానే ఒకాయన జేబులో ఫోను మోగింది.

అప్పుడు మా అక్క తన ఫోను ఇచ్చింది. ఎంత గర్వంగా ఇచ్చిందో నేను చూశాను. కానిస్టేబులు వీడియో తీస్తుంటే, వెలుగు వెనకనుంచి పడుతోంది, ఇటు వచ్చి తియ్యమని సలహాలు కూడా చెప్పింది. ఆ వీడియోలో దొంగ మాటలకంటే ఫిర్యాదుదారు మాటలే ఎక్కువ.

కుర్రాడు పారిపోలేదు. రంగు గోకి చూస్తే లోపల పాత ఎర్రరంగు బయటపడింది. తల వంచుకుని, "నేనే తీసినా సార్," అన్నాడు. చిన్న దొంగతనాలకు జైలు లేదు, సమాజ సేవ చాలునని టీవీలో విన్నాడట. రేవు అంతా ఊడ్చిపెడతాను, వదిలేయండి అని అడిగాడు. ఎస్సై గారు ఓపికగా వివరించారు. మొదటిసారి చేసి ఉండాలి, వస్తువు ఐదు వేల లోపుది అయి ఉండాలి. ఈ ఇంజను ఖరీదుకు ఈ తీరం పొడుగునా ఊడ్చినా చాలదు. కుర్రాడు ఆ సంగతి టీవీలో చెప్పలేదని నొచ్చుకున్నాడు.

స్టేషనుకు తిరిగి వచ్చాక, ఇంజను ఇవతలే దొరికింది కాబట్టి కేసు ఇక్కడే నడవవచ్చన్నారు. సున్నా పోయి అసలు నంబరు పడింది. అందరం లేచి నిలబడ్డాం. అప్పుడు ఎస్సై గారు మెల్లగా దగ్గి, అమ్మా, ఆ ఫోను కూడా ఇచ్చి పోవాలి అన్నారు.

అక్కకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది, అదే బాధ. స్టేటస్ ఫోటో ఆ ఫోనులో ఉంది. వీడియో ఆ ఫోనులో ఉంది. అంటే ఇప్పుడు అది ఫోను కాదు, సాక్ష్యం. కాపీ తీసుకుని ఫోను ఇచ్చేయరాదా అని నేను అడిగాను. కాపీకి ధ్రువపత్రం కావాలి, అందులో ఒక భాగం నిపుణుడు సంతకం పెట్టాలి, ఆ నిపుణుడు ఎవరో, ఎక్కడ ఉంటాడో పైనుంచి ఇంకా చెప్పలేదు, అంతదాకా అసలు వస్తువే భద్రం అన్నారు. ధ్రువపత్రంలో మొదటి భాగం అక్క చేత నింపించారు. అందులో 'హాష్ విలువ' అని ఒక గడి ఉంది. ఆ దస్త్రం ఎవరూ మార్చలేదని చూపించే పొడుగాటి సంకేతం అది, యంత్రం తీసి ఇవ్వాలి. విలువ ఎంతమ్మా అని కానిస్టేబులు అడిగాడు.

"సెకండ్ హ్యాండ్‌లో కొన్యామన్నా. ఇప్పుడేం పలకతదో," అంది అక్క.

అతను రాయబోయి ఎస్సై గారి వైపు చూసి ఆగాడు.

ఆ విధంగా మా అక్క ఇంజను కోసం పోయి, ఇంజనును స్టేషనులో చూసి, ఫోను కూడా అక్కడే పెట్టి ఇంటికి వచ్చింది.

పట్నంవాళ్ళకు ఫోను పోతే ఏమవుతుందో నాకు తెలియదు. ఆమెకు వ్యాపారం పోయింది. ఫ్యాక్టరీ పిల్లలు జేబులో నోట్లు పెట్టుకుని తిరగడం మానేసి చాలా కాలమైంది. గంప పక్కన ఉన్న క్యూఆర్ కోడ్ అట్టముక్కను ఫోనుతో కొట్టి చేప తీసుకుపోతారు. డబ్బు వచ్చిందని చెప్పే మోత ఆమె ఫోనులో వినిపించాలి. ఇప్పుడు వాళ్ళు కొట్టాం అంటారు, ఆమె వచ్చిందో లేదో తెలియక వాళ్ళ మొహాలు చూస్తుంది. చూసి చూసి నమ్మకం లేక, నోట్లు ఇచ్చేవాళ్ళకే చేప అంది. సాయంత్రానికి మిగిలిన ముక్కలు ఇంట్లోనే వండుకున్నారు. బావ మాత్రం, కూర బాగుందన్నాడట.

నేను ఇంజను విడిపించే పిటిషను తయారుచేశాను. వస్తువును తాత్కాలికంగా యజమానికి ఇప్పించడం నాకు కొట్టిన పిండి. చేతులు వాటంతట అవే టైపు చేశాయి. సెక్షను నాలుగు వందల యాభై ఒకటి. ప్లీడరు గారు కేసుల తొందరలో చూడకుండా సంతకం పెట్టారు. కోర్టు ఆఫీసులో కొత్తగా వచ్చిన పిల్ల ఒకామె దాన్ని చూసి, నవ్వకుండా, "ఈ సెక్షను ఇప్పుడు లేదండీ," అని తిప్పి ఇచ్చింది. ఇన్నేళ్ళలో నా కాగితం తిరిగి రావడం అదే మొదలు. నేను ఆఫీసుకు వచ్చి, తల వెనక్కి తిప్పి, అట్ట చూసి, నాలుగు వందల తొంభై ఏడు అని దిద్దుకున్నాను.

ఇక్కడ కొత్త చట్టాన్ని మెచ్చుకోవాలి, నాకు ఇష్టం లేకపోయినా. పాత రోజుల్లో పోలీసులు పట్టిన వస్తువు స్టేషను ఆవరణలోనే పుట్టి పెరిగినట్టు అక్కడే ఉండిపోయేది. ఇప్పుడు ఫోటోలు, వీడియో తీయించి, అవే సాక్ష్యంగా ఉంచుకుని వస్తువును తొందరగా వదిలేయమన్నారు. ఇంజనుకు నాలుగు వైపులనుంచీ ఫోటోలు తీశారు. పెళ్ళిచూపుల పిల్లకు కూడా అంత శ్రద్ధగా తీయరు. కొద్ది రోజుల్లోనే బావ దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ ఫోటోలు తీసింది మాత్రం కానిస్టేబులు ఫోనుతోనే. బిడ్డ డాన్సులు ఈలోగా ఎక్కడికో మార్చుకున్నాడట.

ఫోను కోసం వేసిన పిటిషను నిలవలేదు. వస్తువు ఫోటో తీసి వస్తువును ఇవ్వవచ్చు, కానీ ఫోటో ఉన్న వస్తువును ఫోటో తీసి ఏం లాభం అని సర్కారు ప్లీడరు అభ్యంతరం. అందులో నిజం లేకపోలేదు.

అక్క ఊరుకోలేదు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైన రోజులవి. ప్రభుత్వం చేసిన వాటిలో మధ్యలో గుమాస్తా, ప్లీడరు, కానిస్టేబులు లేకుండా ఆమెకు నేరుగా అందింది అదొక్కటే. దాన్ని పూర్తిగా వాడుకుంది. చేపలు అమ్ముడుకాని ప్రతి రోజూ బస్సెక్కి స్టేషనుకు పోయి, నా ఫోను బాగుందా అని అడిగి వచ్చేది. ఆసుపత్రిలో మనిషిని చూడటానికి పోయినట్టు పోయేది.

అలా పోయిన ఒక రోజు ఆ కుర్రాడు కూడా అక్కడ ఉన్నాడు. బెయిలు మీద బయట ఉండి, వారం వారం సంతకం పెట్టడానికి వచ్చాడు. సంతకం పెట్టాక బయటికి పోకుండా ఆవరణలో వెనక గోడ వైపు పోయి నిలబడ్డాడట. ఆ వివరాలు అక్క తర్వాత నాకు చెప్పింది. ఆమె తిట్టడానికే వెనకాల పోయింది. చూస్తే అక్కడ విరిగిన మోటారు సైకిళ్ళ మధ్య, తీగలు అల్లుకుని ఒక బోటు ఇంజను పడి ఉంది. తుప్పు పట్టింది. కుర్రాడు తీగలు లాగి పక్కన పడేస్తున్నాడు.

అది వాడిదే. కొన్నేళ్ళ క్రితం సరస్సులో వలలు వేసే చోటు గురించి రెండు కుప్పాల మధ్య కొట్లాట జరిగింది. తెడ్లతో కొట్టుకున్నారు. వాళ్ళు వచ్చిన బోట్ల ఇంజన్లను పోలీసులు తెచ్చి పెట్టారు. ఉన్నవాళ్ళు ప్లీడర్లను పెట్టుకుని విడిపించుకున్నారు. వీడి నాన్న అప్పుడే పోయాడు, వీడికి ఎవరిని అడగాలో తెలియలేదు. మొన్నటిదాకా పరాయి బోట్లమీద కూలికి పోయాడు. పెళ్ళయింది. పెళ్ళాం కడుపుతో ఉంది. కూలికి పిలిచేవాళ్ళు తగ్గారు. చెవులు కుట్టే విందుకు వాడూ వచ్చాడు. ఒడ్డున మా బోటు కనిపించింది.

"అడిగితే నేను ఇయ్యనా, ఒక పూట?" అందట అక్క.

"ఇయ్యవు అక్కా," అన్నాడట వాడు.

ఆమె కాస్త ఆలోచించి, ఇవ్వనులే అని ఒప్పుకుందట. అక్కడినుంచి ఇద్దరూ తిట్టుకోకుండానే బయటికి వచ్చారు.

ఆ మరునాడే ఆమె నాయుడుపేటలో మా ఆఫీసులో దిగింది. నా కుర్చీ ఎదుట కూర్చుని, ముందు ఫ్యాను స్పీడు పెంచమంది, తర్వాత విషయం చెప్పింది. కేసు రాజీ చేసుకుంటుంది. దొంగతనం కేసులో వస్తువు యజమాని ఒప్పుకుంటే రాజీ కుదురుతుంది, పాత చట్టంలోనూ కుదిరేది, కొత్త దానిలోనూ కుదురుతుంది. ఇంజను దొంగిలించినవాడి మీద ఇంత జాలి ఎందుకని నేను అడిగాను.

"జాలి ఎవురికిరా? కేసు పోతే నా ఫోను వస్తది గదా."

ఆగి, మళ్ళీ అంది. "వాడి ఇంజను గూడా ఇడిపిచ్చు. అది ఆడ ఉన్నన్నాళ్ళూ వాడు ఇంగొకరి దాని మీద కన్నేస్తాడు. మళ్ళీ నాదే దొరకతది వాడికి."

నేను నసిగాను. ఆమె ఫిర్యాదుదారు, వాడు ముద్దాయి, ఇద్దరికీ ఒకే ఆఫీసు పని చేస్తే బాగుండదన్నాను. లోపల గదిలోంచి ప్లీడరు గారు వింటున్నారు. రాజీ అయ్యాక శత్రుత్వం ఎక్కడిది, ఆ రెండో కేసుతో మీ అక్కకు సంబంధం లేదు కదా, రాజీ ముగిశాక వేద్దాం అన్నారు. తర్వాత ఆయన ఒక మాట అన్నారు. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను. ఆ కొట్లాట కేసు కొత్త చట్టం రాకముందుది. అప్పటికే నడుస్తున్న కేసులకు పాత చట్టమే వర్తిస్తుంది.

అంటే నా నంబర్లు ఇంకా బతికే ఉన్నాయి.

లోక్ అదాలత్ రోజున అక్క, కుర్రాడు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. జడ్జిగారు, ఇష్టపూర్వకంగానే రాజీ పడుతున్నావా, ఎవరైనా బలవంతం చేశారా అని ఆమెను అడిగారు. మా అక్కను బలవంతం చేయగల మనిషి ఇంకా పుట్టలేదని చెప్పాలని నా నోటిదాకా వచ్చింది. ఆమె ఇష్టమేనంది. ఇంకెప్పుడూ ఎవరి వస్తువూ ముట్టనని కుర్రాడు చెప్పాడు. పెట్టవలసిన చోట సంతకాలు పెట్టారు. ఫోను అక్క చేతికి రావడానికి మరి కొంత తిరగవలసి వచ్చింది గానీ, వచ్చింది. ముద్ర వేసిన కవరులో ఉంచారు దాన్ని. ఛార్జింగ్ పెట్టి తెరవగానే మోతలు మొదలయ్యాయి. ఫ్యాక్టరీ పిల్లలు కొట్టామన్నది నిజమే, చాలామంది డబ్బు అప్పుడే వేశారు. వాళ్ళను అనుమానించినందుకు అక్క రెండు రోజులు మామూలు కంటే పెద్ద ముక్కలు కోసింది. మూడో రోజునుంచి మామూలే.

కుర్రాడి పిటిషను నేనే టైపు చేశాను. అట్ట వైపు చూడలేదు. సెక్షను నాలుగు వందల యాభై ఒకటి. కోర్టు ఆఫీసులో ఆ పిల్లే కూర్చుని ఉంది. నంబరు చూసి తల ఎత్తింది, ఇదివరకే చెప్పాను కదండీ అన్నట్టు చూసింది. నేరం జరిగిన సంవత్సరం మీద వేలు పెట్టి చూపించాను. ఆమె చూసుకుని ముద్ర వేసింది. నాకు ఎన్నో కేసులు గెలిచినంత సంతోషం కలిగింది. నిజానికి నేను ఒక్క కేసు కూడా గెలవలేదు, గెలవాల్సింది ప్లీడరు గారు.

ఇంజను విడుదలైన రోజు దాన్ని తీగల మధ్యనుంచి లేపడానికి బావ కూడా వచ్చాడు. ఎవరూ పిలవలేదు, తానే వచ్చాడు. ఒక వైపు ఆయన, ఒక వైపు కుర్రాడు పట్టుకుని ఆటోలోకి ఎక్కించారు. సూళ్ళూరుపేటలో మెకానిక్కు దగ్గరికి తీసుకుపోవాలి. తిరుగుతుందో తిరగదో అతను విప్పి చూస్తేగానీ చెప్పలేడు. నేను కూడా ఆటోలో కూర్చున్నాను. అడ్డంగా ఇంజను, దాని మీద మా ముగ్గురి కాళ్ళు.

కొంత దూరం పోయాక కుర్రాడు నా వైపు వంగాడు. చాలా కాలంగా మనసులో పెట్టుకున్న సందేహంలా అడిగాడు.

"అన్నా, నీకు పాత చట్టమే బాగా వచ్చునంట గదా. ఇంగ ముందు నామీద ఏదైనా కేసు పడినా పాతదాంట్లోనే పెట్టిచ్చేదానికి కుదరదా?"

కుదరదని చెప్పాను. నేరం కొత్త చట్టం రాకముందే జరిగి ఉండాలని, ఇప్పుడు చేసే ఏ పనికైనా కొత్తదే వర్తిస్తుందని వివరించాను. అన్నిటికంటే మంచిది ఏ కేసూ పడకుండా చూసుకోవడమని కూడా చెప్పాను. అది అతనికి అంత ముఖ్యమైన విషయంగా తోచినట్టు లేదు. బావ ఇంజను మూత మీద చెయ్యి వేసి, తుప్పు పెచ్చులు ఒక్కొక్కటిగా గోటితో తీసి బయట పడేస్తూ కూర్చున్నాడు.